బరంపురం నుంచి హైదరాబాదుకు: భువనేశ్వర్‌లో ఎక్కాలా, విశాఖలో ఎక్కాలా?

బరంపురంలోని తెలుగు కుటుంబాలలో హైదరాబాదు ప్రయాణం అనుకోగానే, విమానం భువనేశ్వర్‌లో ఎక్కాలా, విశాఖపట్నంలో ఎక్కాలా అనే చర్చ మొదలవుతుంది. తిన్నని గీత మీద కొలిస్తే హైదరాబాదుకు విశాఖ సుమారు 510 కిలోమీటర్లు, భువనేశ్వర్ సుమారు 850 కిలోమీటర్లు. ఇంత తేడా ఉన్నా, విమానం గాలిలో గడిపే సమయంలో వ్యత్యాసం అరగంట మాత్రమే. ఒకటి గంటంబావు తీసుకుంటే, మరొకటి సుమారు గంటా ముప్పావు తీసుకుంటుంది.

అసలు లెక్క నేల మీదే తేలుతుంది. బరంపురం నుంచి రైలులో భువనేశ్వర్ దాదాపు 166 కిలోమీటర్లు, విశాఖ దాదాపు 277 కిలోమీటర్లు కాబట్టి, మొదటిదానికి రెండు, రెండున్నర గంటలు పడితే, రెండోదానికి నాలుగు గంటలకు పైనే పడుతుంది. పైగా భువనేశ్వర్‌లో విమానాశ్రయం రైల్వేస్టేషనుకు చాలా దగ్గర. వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు. అందువల్ల, గాలిలో దూరం ఎక్కువైనప్పటికీ, బరంపురం వారికి భువనేశ్వర్ దారే మేలని నా అభిప్రాయం.

పర్లాకిమిడి, రాయగడ వారికి మాత్రం ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. వారికి నేల మీదా, గాలిలోనూ విశాఖే దగ్గర. విశాఖకు ఇవతల, విజయనగరం జిల్లా భోగాపురంలో తలపెట్టిన కొత్త విమానాశ్రయం ఆ దూరాన్ని ఇంకా తగ్గించేదే.