పొగతోటలో 24 గంటల హోల్టర్: అంటించడం బాగుంది, రిపోర్టే సగం

గుండె దడ అని వెళ్తే ముందు ఈసీజీ తీస్తారు. అందులో పడేది పది సెకన్ల గుండె కొట్టుకోవడమే. ఆ కాసేపట్లో దడ రాకపోతే కాగితం శుభ్రంగా ఉంటుంది, దడ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే డాక్టర్లు హోల్టర్ రాస్తారు, అంటే రొమ్ముకు స్టిక్కర్లతో వైర్లు తగిలించి రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న మిషన్. నెల్లూరు పొగతోటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఈ పరీక్ష చేసే తీరు గురించి ఇది.

ముందు మెచ్చుకోవాల్సింది స్టిక్కర్లు అంటించిన పద్ధతి. రొమ్ము మీద వెంట్రుకలు ఉన్నచోట షేవ్ చేశారు. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరాక గరుకు గాజుగుడ్డతో చర్మాన్ని మెల్లగా రుద్దారు. పైన ఉండే చచ్చిన పొర పోతేనే సిగ్నల్ సాఫీగా వస్తుంది. స్టిక్కర్లను కండ మీద కాకుండా ఎముక మీద, అంటే రొమ్ము ఎముక మీదా పక్కటెముకల మీదా పెట్టారు. కండ మీద పెడితే చెయ్యి కదిపినప్పుడల్లా గీత వణుకుతుంది. ప్రతి వైరునూ చిన్న చుట్టలా తిప్పి టేపు వేశారు, లాగినా స్టిక్కర్ దాకా ఆ లాగుడు పోదు. స్టిక్కర్ల ప్యాకెట్ అప్పుడే చించారు. తెరిచి వదిలేసిన ప్యాకెట్‌లో జెల్ ఎండిపోతుంది. బ్యాటరీ కూడా కొత్తదే.

రోహిణీ కార్తెలో నెల్లూరు చెమటకు ఏ జిగురూ నిలవదు. అది తెలిసినట్టే పెన్నుతో ఒక్కో చోటా గుర్తు పెట్టి, విడిగా మూడు స్టిక్కర్లు ఇచ్చారు. "అమ్మా, ఒకటి ఊడితే ఆ గుర్తు మీదే అంటించుకోండి. స్నానం మాత్రం వద్దు, తడిగుడ్డతో తుడుచుకోండి" అని సిస్టర్ రెండుసార్లు చెప్పింది.

ఇబ్బంది మిషన్ గడియారం దగ్గర వచ్చింది. అది 20 నిమిషాలు ముందుంది, ఎవరూ సరిచూడలేదు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నిమిషానికి 70 చొప్పున అది 1400 గుండె చప్పుళ్లు. "4.10కి దడ, మెట్లెక్కుతున్నా" అని మనం రాసుకునే డైరీలో పెడితే రికార్డింగులో 4.10 దగ్గర ఉండేది ఇంకేదో. పెట్టించుకునేటప్పుడే మీ ఫోన్ టైముతో పోల్చి చూడండి. డైరీలో టైము, అప్పుడు చేస్తున్న పని, ఏమనిపించిందో మూడూ ఉండాలి. దడ వచ్చినప్పుడు మిషన్ మీది బటన్ నొక్కితే సరిపోదు.

రిపోర్టు ఇంకా నిరాశ. రోజంతటికీ సుమారు లక్ష చప్పుళ్లు రికార్డయితే ఇచ్చింది ఒక్క పేజీ అంకెలు. కనిష్ఠ, గరిష్ఠ, సగటు వేగం, వీపీసీల (గుండె కింది గదుల నుంచి ముందుగానే వచ్చే అదనపు చప్పుళ్ల) లెక్క, అంతే. అతి పొడవైన విరామం ఎన్ని సెకన్లు, పగలా నిద్రలోనా అన్నది లేదు. నిద్రలో వేగం నలభైల్లోకి దిగడం చాలామందిలో మామూలే. మెలకువగా ఉండగా మూడు సెకన్లు దాటి ఆగితే దాన్ని పట్టించుకోవాలి. వీపీసీలు మొత్తంలో పది శాతం దాటితే ఎకో (గుండె స్కాన్) తీసి పంపింగ్ చూడాల్సి వస్తుంది, కాబట్టి ఊరికే సంఖ్య కాక శాతం కావాలి.

అన్నింటికన్నా ముఖ్యం, స్ట్రిప్పులు, అంటే ఆయా సమయాల్లో గీసిన ఈసీజీ ముక్కలు, జతచేయాలి. ఉదయం 6.40కి సాఫ్ట్‌వేర్ 'వీటీ' అని గుర్తించింది. వీటీ అంటే గుండె కింది గదుల నుంచి పుట్టే ప్రమాదకరమైన వేగం. అడిగి తీయించిన స్ట్రిప్పులో పెద్ద అలల మధ్య మామూలు క్యూఆర్ఎస్‌లు (ఒక్కో చప్పుడుకూ పడే నిటారు గీతలు) తమ దూరంలో తాము నడుస్తూనే ఉన్నాయి. గడియారం తేడా తీసేసి చూస్తే డైరీలో ఆ సమయానికి "పళ్లు తోముకున్నా" అని ఉంది. బ్రష్ చేసే చేతి ఊపు అచ్చం వీటీలా గీస్తుంది. ఆ స్ట్రిప్పు చూడకుండా ఆ మాటను రిపోర్టులో ఉంచేస్తే మనిషిని నిష్కారణంగా ఐసీయూకి పంపినట్టే.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, మిషన్‌లో దానికి వేరే సెట్టింగ్ ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు, డిజాక్సిన్ లాంటి మందులు వాడుతుంటే పేర్లూ మోతాదూ ఫారంలో రాయించండి. వాటిని సొంతంగా ఆపొద్దు.

దడ పదిహేను రోజులకోసారి వచ్చేవారికి 24 గంటలు చాలవు. ఏడు లేక పద్నాలుగు రోజులు రొమ్ముకు అంటుకుని రికార్డు చేసే ప్యాచ్ దొరుకుతుందేమో డాక్టర్‌ను అడగండి. దడతో స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా హోల్టర్ కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి.

కావలి, ఉదయగిరి వైపు నుంచి వచ్చేవారు మిషన్ ఎన్నింటికి విప్పుతారో పెట్టేటప్పుడే తేల్చుకోండి. ఆ సెంటర్ ఆదివారం ఉండదు.