వంద కిలోల ఐస్ మెషిన్ మే నెలలో ఎంతిస్తుంది?

హన్మకొండలో మాది చిన్న జ్యూస్ సెంటర్. పండ్ల రసాలు, లస్సీ, ఫలూదా, సాయంత్రం పూట సోడాలు. ఐస్ మెషిన్ కొన్నాక ఇది నాలుగో ఎండాకాలం. మెషిన్ మీద రాసి ఉన్నది రోజుకు 100 కిలోలు. కింద ఐసు నిలవ ఉండే డబ్బా 40 కిలోలది. ధర లక్ష దాటింది. కంపెనీ పేరు రాయట్లేదు. ఈ సైజులో చిన్న దుకాణాలకు దొరికేవన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి, మనకు లాభమో నష్టమో తేలేది సైజు దగ్గరే.

మే నెలలో నా వంద కిలోల మెషిన్ రోజుకు అరవై కిలోలిస్తుంది, మరీ బాగుంటే అరవై ఐదు. అందులో లోపమేం లేదు. కాగితం మీద గొప్పగా వేసే అంకె సాధారణంగా గాలి 21 డిగ్రీలు, లోపలికొచ్చే నీళ్లు 10 డిగ్రీలు ఉన్నప్పటిది. మన ట్యాంకుల్లో డిసెంబర్ తెల్లవారుజామున కూడా నీళ్లు అంత చల్లగా ఉండవు. గాలి 32, నీళ్లు 21 డిగ్రీల దగ్గర ఎంతొస్తుందో ఇంకో అంకె కూడా ఉంటుంది, చాలా కంపెనీలు అడిగితేనే చూపిస్తాయి. కొనేటప్పుడు అదే అడగండి. అయినా మే మధ్యాహ్నం మన దగ్గర 43, 44 డిగ్రీలు, రామగుండం వైపైతే ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ రెండో అంకెలోంచి కూడా కొంత తీసేసుకోవాల్సిందే.

ఎందుకింత తగ్గుతుందో లెక్క కష్టమేం కాదు. కిలో నీళ్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే ఒక కిలోకేలరీ వేడి తీయాలి. సున్నాకు వచ్చాక గడ్డకట్టడానికి ఇంకో 80 తీయాలి. 10 డిగ్రీల నీళ్లయితే మొత్తం 90. మిద్దె మీది నల్ల ట్యాంకులో కాగి 40 డిగ్రీలతో దిగే నీళ్లయితే 120. అంటే అదే కిలో ఐసుకు మూడో వంతు అదనపు పని. పైగా మెషిన్ ఆ వేడిని తోయాల్సింది 43 డిగ్రీల గాలిలోకి. అందుకే మేము మెషిన్‌కు మిద్దె మీది నీళ్లు నేరుగా ఇవ్వం. ఆర్ఓ నీళ్లు దుకాణం లోపల నీడలో ఉన్న చిన్న ట్యాంకులో నిలిచి, అక్కడినుంచి వెళ్తాయి. మెషిన్ ఐసును విడతలు విడతలుగా చేస్తుంది, ఈ ఒక్క ఏర్పాటుతోనే ఒక్కో విడత తొందరగా పడుతుంది.

ఇక ఎంత కావాలన్న లెక్క. మా దగ్గర 300 మిల్లీలీటర్ల గ్లాసుకు సుమారు 130 గ్రాముల ఐసు పడుతుంది. తూకం మీద పెట్టి చూశాను, పిల్లగాడు స్కూప్ నిండా వేస్తే 170 కూడా పోతుంది, అది వేరే సంగతి. మంచి ఎండ రోజున నాలుగొందల గ్లాసులనుకుంటే 52 కిలోలు. కరిగేది, కింద పడేది కలిపి అరవై. మెషిన్ కూడా అరవై ఇస్తోంది, సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ గిరాకీ రోజంతా సమానంగా ఉండదు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకానే అందులో నలభై కిలోలు పోతుంది. ఆ ఐదు గంటల్లో మెషిన్ ఇచ్చేది పన్నెండు, పదమూడు కిలోలు. మిగతా ఇరవై ఏడూ నాలుగింటికే డబ్బాలో ఉండి తీరాలి. నా దృష్టిలో జ్యూస్ షాపుకు మెషిన్ కంటే డబ్బానే ముఖ్యం. రాత్రి షాపు మూసి ఉన్న పది గంటలు ఉట్టిగా పోకుండా కాపాడేది అదే.

కరీంనగర్‌లో మా బావకు ఫ్యామిలీ రెస్టారెంటు ఉంది. ఆయన 50 కిలోల మెషిన్ తీసుకున్నాడు, డబ్బా 15 కిలోలది. ఏప్రిల్‌లో ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, యాభై అని రాసిండ్రు గదా, ముప్పై కూడా వస్తలేదేంది?"

"మెషిన్ యాడ పెట్టినవ్ బావా?"

"వంటింట్ల, తందూరు పక్కన జాగ ఉండె."

వెనుక గోడకు ఆనించి, పక్కన తందూరు. గాలితో చల్లబడే మెషిన్ చుట్టూ కనీసం జానెడు ఖాళీ ఉండాలి, అది పీల్చే గాలి వంటింటి వేడి గాలి కాకూడదు. చోటు మార్చాక ఆయనకు కాస్త పెరిగింది కానీ డబ్బా చిన్నది కావడంతో రాత్రి కొంతసేపు మెషిన్ ఆగే ఉంటుంది, ఆదివారం ఎనిమిదింటికి ఐసు అయిపోతుంది. డబ్బా నిండితే మెషిన్ ఆగిపోతుంది మరి, ఎక్కడ పోస్తుంది?

40 కిలోల డబ్బాలో 40 కిలోలు పడతాయనుకోవద్దు. ఐసు పడే చోట కుప్పలా పేరుకుని సెన్సర్‌ను తాకుతుంది, మూలలు ఖాళీగానే ఉంటాయి. మూసే ముందు, తెరవగానే, కుప్పను స్కూప్‌తో చదును చేస్తే మెషిన్ మళ్లీ మొదలవుతుంది. ఇంకోటి, ఈ డబ్బా ఫ్రీజర్ కాదు, థర్మోకోల్ పెట్టెలాంటిదే. లోపల చల్లదనమంతా ఆ ఐసుదే, కాబట్టి మెల్లగా కరుగుతూనే ఉంటుంది. కరిగిన నీళ్లు వాటంతట అవే మోరీలోకి పోవాలి. మోరీ ఎత్తుగా ఉంటే పంపు పెట్టాలి, లేదా మెషిన్‌ను దిమ్మె మీదికి ఎక్కించాలి. మేము దిమ్మె కట్టించాం.

మేడారం జాతర రోజుల్లో మా రోడ్డు మీద జనం పోటెత్తుతారు. రంజాన్ రోజుల్లో మండి బజార్‌లో ఫలూదా అమ్మేవాళ్లకూ అదే రద్దీ. అలాంటి నాలుగు రోజుల కోసం పెద్ద మెషిన్ కొనడం నాకు నచ్చదు. ఆ రోజుల్లో సంచి ఐసు తెప్పించుకుంటాం. సైజు మామూలు మే సాయంత్రానికి చూసుకోవాలి. జనవరిలో మెషిన్ కాగితం మీది అంకెకు దగ్గరగా ఇస్తుంది, అడిగేవాడుండడు.

ఐసు ఆకారం కూడా సైజు లెక్కలో భాగమే. మాది మధ్యలో గుంట ఉండే బుల్లెట్ రకం. మిక్సీలో తేలిగ్గా నలుగుతుంది, సోడాలో మాత్రం తొందరగా కరుగుతుంది, కస్టమర్ ఇంకో రెండు ముక్కలు అడుగుతాడు. సోడాలు, కూల్‌డ్రింకులు ఎక్కువుంటే గట్టి క్యూబ్ మంచిది. చేపల దుకాణానికైతే ఈ రెండూ దండగే, సన్నటి రేకుల్లా ఉండే ఫ్లేక్ ఐసు ఇచ్చే మెషిన్ చూసుకోవాలి.

నీళ్ల గురించి రాయకుంటే సమీక్ష సగమే అవుతుంది. మా బోరు నీళ్లు ఉప్పన, బకెట్‌కు తెల్ల పొర కడుతుంది. అవే నీళ్లు మెషిన్‌కు ఇస్తే ఐసు గడ్డకట్టే భాగం మీద సున్నం పట్టి, ఐసు ఊడిరాక ఉత్పత్తి పడిపోతుంది. ఆర్ఓ పెట్టినా టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, మరీ కిందికి దించొద్దు. కొన్ని మెషిన్లలో నీటిమట్టం తెలిసేది నీళ్లలో పారే చిన్న కరెంటుతోనే, లవణాలు బొత్తిగా లేకపోతే దానికి నీళ్లున్నట్టే తెలియదు. మూడు నెలలకోసారి ఐస్ మెషిన్ల కోసమే అమ్మే క్లీనర్‌తో కడుగుతాం. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే ఐసు గడ్డకట్టే భాగం మీది నికెల్ పూత లేచిపోతుంది. వేడిని బయటికి తోసే కండెన్సర్ జాలీని వారానికోసారి బ్రష్‌తో దులుపుతాం, రోడ్డు దుమ్ము అలా ఉంది మరి. నీళ్ల ఖర్చు కూడా ఐసు బరువంతే అనుకోవద్దు. ప్రతి విడతకూ కొన్ని బయటికి వదులుతుంది, మా దగ్గర కిలో ఐసుకు లీటరున్నర దాకా పోతున్నాయి.

కరెంటు: మాది సుమారు 600 వాట్లు తీసుకుంటుంది. మే నెలలో దాదాపు ఆగకుండా నడుస్తుంది కనుక రోజుకు 14 యూనిట్లు. కమర్షియల్ మీటరు మీద యూనిట్ పది రూపాయలు వేసుకుంటే 140, కిలో ఐసుకు రెండున్నర లోపే. స్టెబిలైజర్ తప్పనిసరి, సాయంత్రాలు వోల్టేజ్ పడిపోతుంది. కరెంటు పోయి వస్తే సగంలో ఉన్న విడత పోయినట్టే, కంప్రెసర్ కూడా కొన్ని నిమిషాలు ఆగాకే మొదలవుతుంది. ఇలా రోజుకు నాలుగైదు సార్లు పోతే ఐదారు కిలోలు తగ్గుతాయి, దాన్నీ లెక్కలో వేసుకోండి.

నాకున్న ఫిర్యాదు సర్వీసు మీదే. రెండో ఎండాకాలంలో నీళ్లు వదిలే వాల్వ్ పాడైంది. అమ్మినవాళ్లు హైదరాబాద్ నుంచి మనిషిని పంపడానికి పది రోజులు తీసుకున్నారు, అదీ మే నెలలో. గ్యాసు, కంప్రెసర్ మన ఊరి ఫ్రిజ్ మెకానిక్ చూస్తాడు, వాల్వులు, బోర్డు లాంటివి మాత్రం బయటినుంచే రావాలి. వారంటీ అయిపోయాక ఒక వాల్వ్, ఒక సెన్సర్ ముందే కొని పెట్టుకున్నాను, టెన్షన్ తగ్గింది.

బావ ఇప్పుడు 150 కిలోలది చూస్తున్నాడు. నేను మాత్రం పాతది ఉంచి పక్కన వంద కిలోలది పెట్టమన్నాను, పెద్ద డబ్బాతో. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. అక్కకు కరెంటు బిల్లు గురించే అనుమానం, ఆ లెక్క కూడా వేసి పంపాను.