మేఘాల్ని కత్తిరించడం మానేశాక: క్యూజీఐఎస్‌లో నాకు నచ్చిన ఒకే ఒక్క టూల్

మ్యాపులూ, ఉపగ్రహ చిత్రాలూ చూసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఎన్ని విసుగులున్నా, చాలా చిత్రాల్ని పిక్సెల్ పిక్సెల్‌గా కలిపి ఒక్కటి చేసే సెల్ స్టాటిస్టిక్స్ అనే ఒక్క టూల్ కోసం దాన్ని వదల్లేకపోతున్నాను. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ఓ మూల ఉంటుంది, పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

నది ఒడ్లు చూడాలంటే చిత్రాల్లోంచి మేఘాలు పోవాలి. అంతకుముందు దానికి అందరిలాగే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో వచ్చే ఎస్‌సీఎల్ లేయర్‌ని నమ్ముకున్నాను. ఒక్కో పిక్సెల్ మేఘమో, నీడో, నేలో అంకెతో చెప్పే పొర అది. పిక్సెల్ విలువలతో లెక్కలు చేసే రాస్టర్ కాలిక్యులేటర్‌లో 3, 8, 9, 10 విలువలున్న పిక్సెళ్లు తీసేస్తే మేఘాలూ, వాటి నీడలూ, ఎత్తున ఉండే పల్చటి సిర్రస్ మేఘాల పొరా పోతాయి. పోయేవి కూడా. కానీ వాటితోపాటే తెల్లటి రేకుల కప్పులూ, నదిలో ఇసుక మేటలూ పోయేవి. సెంటినెల్-2కి వేడిని పట్టే థర్మల్ బ్యాండ్ లేదు మరి. ఎండకు కాలిన ఇసుకేదో, చల్లటి మేఘమేదో వేడిని బట్టి తేల్చుకునే వీలు దానికి లేదు. నేను చూసే ఇసుక మేట దాదాపు ప్రతి తేదీలోనూ మేఘంగానే లెక్కకు వచ్చేది. అందుకే ఎన్ని చిత్రాలు కలిపినా అక్కడి చిల్లు పూడేది కాదు. నది కోత చూసేవాళ్లకు కావలసింది ఆ ఇసుకే కదా! ఒళ్లు మండిపోయేది.

చివరికి ఇలా మేఘాల పిక్సెళ్లు తీసేసే మాస్క్ మాటే ఎత్తకుండా, ఒక సీజన్ చిత్రాలన్నీ సెల్ స్టాటిస్టిక్స్‌కి ఇచ్చి మీడియన్ పెట్టాను. ఒక్కో పిక్సెల్ దగ్గర అన్ని తేదీల విలువల్నీ వరసగా పేర్చి నడిమిది తీసుకుంటుంది. మేఘం విలువ బాగా ఎక్కువ, నీడది బాగా తక్కువ, కాబట్టి రెండూ చెరో చివరకు పోతాయి. ఇసుక ఏ తేదీన చూసినా తెల్లగానే ఉంటుంది కాబట్టి నిలబడుతుంది. మేట అంచూ, దాన్ని ఒరుసుకుంటూ పోయే సన్నటి పాయా, రెండూ తెగకుండా కనిపించాయి. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అలాగని అన్నిటికీ ఇదే చాలదు. ఎరుపు, పచ్చలాంటి బ్యాండ్లన్నీ కలిసి ఉన్న మల్టీబ్యాండ్ ఫైల్ ఇస్తే మొదటి బ్యాండ్ ఒక్కటే తీసుకుంటుంది, అందుకే బ్యాండ్లు విడదీసి ఒక్కోదానికీ నడపాలి. అప్పుడు ఒకే పిక్సెల్‌లో ఎరుపు ఒక తేదీది, పచ్చ ఇంకో తేదీది కావచ్చు. సెంటినెల్-2 చిత్రాల్ని తయారుచేసే పద్ధతి వెర్షన్, అంటే ప్రాసెసింగ్ బేస్‌లైన్, 04.00 నుంచి విలువల్లో 1000 అదనంగా ఉంటుంది. పాత బేస్‌లైన్ చిత్రాలతో కలిపేముందు దాన్ని తీసేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, సగానికి పైగా తేదీల్లో ఆకాశం తేటగా ఉండాలి. ముసురు పట్టిన నెలల్లో మీడియన్ కూడా తెల్లగానే వస్తుంది. అప్పుడు నేను మేఘాల్లోంచి చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాలకు వెళ్లిపోతాను.

నేను చూసేవి నెలల తరబడి నెమ్మదిగా మారే నది ఒడ్లు. అందుకే ఇది నాకు సరిపోయింది. వరద నీళ్లు ఫలానా రోజు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పాల్సినవాళ్లకు మాత్రం దీన్ని చూపించను.