స్పైడర్‌మ్యాన్ పెళ్లి: ఉంచితే మేలా, చెరిపేస్తే మేలా?

స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్ పార్కర్. కామిక్స్‌లో అతనికి, మేరీ జేన్‌కి 1987లో పెళ్లయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2007 చివర్లో, ‘వన్ మోర్ డే’ కథతో ఆ కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ ఆ పెళ్లిని లేకుండా చేసింది. విడాకులివ్వలేదు, ఎవర్నీ చంపలేదు. తూటా తగిలి ప్రాణాల మీదికొచ్చిన, పీటర్‌ని పెంచిన మే ఆంటీని బతికిస్తా, బదులుగా మీ పెళ్లి నాకిచ్చేయండి అని మెఫిస్టో అనే పిశాచం బేరం పెట్టింది. ఇద్దరూ సరేనన్నారు. తెల్లారేసరికి ఆ పెళ్లి అసలు జరగనేలేదు. అప్పటి నుంచీ అభిమానులు రెండు జట్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు.

అప్పటి ముఖ్య సంపాదకుడు జో కెసాడా వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పెళ్లయితే పీటర్ పెద్దవాడైపోతాడు. విడాకులిప్పిస్తే ఇంకా పెద్దవాడవుతాడు. అద్దె కట్టలేక, ప్రేమలో తడబడే కుర్రాడే కదా స్పైడర్‌మ్యాన్ అంటే! మేరీ జేన్ మోడల్‌గా, నటిగా వెలుగుతుంటే డబ్బు కష్టాలు రాయడం కూడా ఇబ్బందే.

2008 జనవరి నుంచి ‘బ్రాండ్ న్యూ డే’ పేరుతో పెళ్లి లేని పీటర్ కథలు మొదలయ్యాయి. నెలకు మూడు సంచికలు, డాన్ స్లాట్ లాంటి పలువురు రచయితలు వంతులవారీగా. కొత్త విలన్లు వచ్చారు, చనిపోయిన స్నేహితుడు హ్యారీ ఆస్బోర్న్ తిరిగొచ్చాడు, అంతకుముందు ‘సివిల్ వార్’ అనే కథలో పీటరే స్పైడర్‌మ్యాన్ అని లోకానికంతా తెలిసిపోయిన రహస్యం మళ్లీ రహస్యమైంది. కొత్తగా చదవడం మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి గుమ్మం లేదని నేనూ ఒప్పుకుంటాను. చకచకా సాగుతుంది, నవ్విస్తుంది.

పాత పాఠకుల కోపం మాత్రం పీటర్ బ్రహ్మచారి అయినందుకే కాదు, అయిన తీరుకి. తప్పు చేస్తే దాన్ని మోయాల్సిందే అని నేర్పిన హీరో, పిశాచంతో రాజీపడి తప్పించుకున్నాడు. పైగా వాళ్లకి పుట్టబోయే కూతురు ఇక పుట్టదని చెప్పి మరీ మెఫిస్టో వెళ్లిపోతాడు. ఆ పేజీ చదివాక, పెళ్లి లేని కొత్త జీవితంలో పీటర్ వెళ్లే మర్నాటి పార్టీ సీన్ ఎవరికి రుచిస్తుంది? కథ రాసిన స్ట్రాజిన్‌స్కీయే చివరి రెండు సంచికల మీద తన పేరు వద్దనుకున్నానని బయటపెట్టాడు.

పెళ్లి ఉన్న రోజుల్లో అన్నీ గొప్ప కథలేం కాదు. తొంభైల్లో అసలు పీటరెవరో, అతని నకలు (క్లోన్) ఎవరో అంటూ సాగిన గొడవ గుర్తొస్తే తలనొప్పే. కానీ పెళ్లి వల్ల కథలు ఆగాయా? 2001లో స్ట్రాజిన్‌స్కీ వచ్చాక, చిరిగిన సూట్‌తో పడి నిద్రపోతున్న పీటర్‌ని మే ఆంటీ చూసేసింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్న సంచికలో ఫైటింగే లేదు, అయినా ఎంత బిగువుగా ఉంటుందో! ఇంట్లో ఒకరికి నిజం తెలియడమే కొత్త టెన్షన్. పెళ్లీ అంతే.

ఇంకో విచిత్రం. పెళ్లి తీసేశాక వచ్చిన కథల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక పెళ్లైనవాడిదే. ‘గాంట్‌లెట్’ వరుసలో జో కెల్లీ రాసిన రైనో కథ అది. రైనో అంటే ఖడ్గమృగం తోలు లాంటి సూట్ వేసుకునే విలన్. పాత రైనో విలనీ మానేసి, ఒక్సానాని పెళ్లాడి, క్యాసినోలో సెక్యూరిటీ ఉద్యోగం చేసుకుంటుంటాడు. కొత్త రైనో వచ్చి సవాలు చేస్తే భార్య మాట విని పోట్లాడడు. చివరికి ఆ కొత్తవాడు ఒక్సానాని చంపేస్తాడు. ఇతను ఆ తోలు మళ్లీ తొడుక్కుంటాడు. పెళ్లి కథకి బరువంటారు, ఆ బరువే లేకపోతే ఈ కథ నిలబడేదా?

అందుకే నా ఓటు పెళ్లికే. 2024లో జొనాథన్ హిక్‌మన్ వేరే లోకంలో మొదలుపెట్టిన ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’లో పీటర్‌కి భార్య, ఇద్దరు పిల్లలు, ఆ తర్వాతే శక్తులు. గడ్డం కూడా ఉంది. మొదటి సంచికను మళ్లీ మళ్లీ ముద్రించాల్సి వచ్చింది. అసలు సిరీస్‌లో మాత్రం మార్వెల్ ఆ పెళ్లిని ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.