హార్బర్ ఉప్పుగాలిలో మూడున్నరేళ్ళు: వైర్‌లెస్ ఛార్జర్ వాడాక నా మాట

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల లెక్కలు రాయడం నా పని. తెల్లవారుజామున బోట్లు వేట నుంచి తిరిగొచ్చేసరికి నేను జెట్టీ మీద ఉండాలి. ఐసు నీళ్ళు, చేపల తడి, ఉప్పుగాలి. వీటి మధ్య రోజుకు ఆరేడు గంటలు ఫోను నా చేతిలోనే ఉంటుంది. ఛార్జింగ్ పోర్టు లోపల పచ్చగా చిలుము పట్టేసేది. పిన్ను పెట్టగానే ‘పోర్టులో తడి ఉంది’ అని హెచ్చరిక. ఏడాదిన్నరలో రెండుసార్లు పోర్టు మార్పించాను. రెండోసారి బాగుచేసిన కుర్రాడే, “అన్నా, మీ ఫోనుకి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంది కదా, ఇంక పిన్ను జోలికి పోకండి” అన్నాడు. ఆ మాట మీద కొన్నదే ఈ ఛార్జరు. అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ. మూడున్నరేళ్ళు దాటింది.

ముందు మంచి చెప్తాను. పోర్టుకి రబ్బరు మూత పెట్టేశాను. మళ్ళీ దానికోసం రిపేర్ షాపు మెట్లు ఎక్కలేదు. సముద్రం పక్కన బతికేవాళ్ళకి ఈ ఒక్క కారణం చాలు, ఈ వస్తువు కొనుక్కోవడానికి.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను కాబట్టి ఇది ఎలా పనిచేస్తుందో చూడాలని నాకు మొదటి నుంచీ సరదా. మంత్రం ఏమీ లేదు. 1831లో ఫారడే కనిపెట్టిన సంగతే. ఒక తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే, పక్కనున్న ఇంకో చుట్టలో దానంతటదే కరెంటు పుడుతుంది. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో జరిగేదీ అదే. కాకపోతే అక్కడ రెండు చుట్టలనూ ఇనుప దిమ్మె కలుపుతుంది. ఇక్కడ ఆ దిమ్మె లేదు, మధ్యలో ఫోను కవరు, కాస్త గాలి. అందుకే బిళ్ళ లోపల కరెంటు సెకనుకు లక్షకు పైగా సార్లు దిశ మార్చుకోవాల్సి వస్తుంది.

ఆ కాస్త గాలితోనే తంటా అంతా. కొన్న మొదటి నెలలో ఒక రోజు మూడు గంటలకి అలారం మోగి లేచి చూస్తే ఫోనులో 11 శాతమే ఉంది. రాత్రి పెట్టినప్పుడు ఒక వేలెడు పక్కకి జరిగింది, అంతే. ఆ రోజు జెట్టీ మీద ఎంత టెన్షన్ పడ్డానో. కాటా దగ్గర ఫొటోలు తియ్యాలి, బేరగాళ్ళకి డబ్బు పంపాలి, ఫోనేమో చావుబతుకుల్లో ఉంది. సాయంత్రం మా ఆవిడ గోళ్ళ రంగు తీసుకుని, బిళ్ళ కింద ఉన్న చెక్క మీద, ఫోను మూల ఎక్కడికి రావాలో అక్కడ ఒక చుక్క పెట్టింది. ఆరాక దాని మీదే మళ్ళీ ఒకటి. అలా నాలుగైదు పొరలు. చీకట్లో తడిమినా వేలికి తగులుతుంది. 2023లో వచ్చిన కొత్త వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణం (Qi2)లో అయస్కాంతాలు పెట్టారు, ఫోను దానంతటదే సరైన చోట అతుక్కుంటుంది. ఇప్పుడు కొనేవాళ్ళు అలాంటిదే చూసుకోండి, పది రూపాయలు ఎక్కువైనా.

రెండోది వేడి. ప్లగ్గు దగ్గర చిన్న మీటరు పెట్టి కొన్నాళ్ళు చూశాను. కేబుల్‌తో ఫోను నిండడానికి సుమారు 23 వాట్-అవర్లు లాగితే, ఇది 32 దాకా లాగుతోంది. ఏడాదికి మూడు యూనిట్ల పైచిలుకు తేడా, బిల్లులో కనపడదు. కానీ ఆ పోయిన కరెంటు వేడిగా మారేది ఫోను వీపు దగ్గరే. మే నెల ఉక్కలో ఫ్యాను లేకపోతే ఫోను బాగా వేడెక్కిపోతుంది, తనే ఛార్జింగ్ నెమ్మది చేసేసుకుంటుంది. ఒకసారి బండి హోల్డర్ కోసం కవరు లోపల అంటించిన ఇనుప బిళ్ళ తియ్యడం మర్చిపోయి పెట్టాను. మామూలుగా ఛార్జరు కనిపెట్టి ఆగిపోవాలి. ఆ రాత్రి ఆగలేదు. ఇనుము వేలు పెట్టలేనంత కాలింది. కవరు మీద ఆ గోధుమరంగు మచ్చ ఇప్పటికీ ఉంది. దయచేసి ఫోనుకీ దీనికీ మధ్య లోహం ఏదీ పెట్టకండి, నాణెం కూడా.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. ఈ బిళ్ళ చూసి ఒక రోజు అడిగాడు: “మావయ్యా, ఊరంతటికీ ఇలాగే కరెంటు ఇచ్చేస్తే హుద్‌హుద్ లాంటి తుఫాను వచ్చినా స్తంభాలు పడవు కదా?” 2014 అక్టోబరు 12 వాడికి గుర్తుండదు. నాకు మర్చిపోదామన్నా మరుపు రాదు. వంగిపోయిన స్తంభాలు, రోడ్డు మీద తీగలు, రోజుల తరబడి చీకటి. బోటు బ్యాటరీకి తగిలించి ఇరుగుపొరుగు ఫోన్లు ఛార్జింగ్ చేశాం. అందుకే వాడి ప్రశ్న తీసిపారెయ్యలేదు.

ఆ కల నికోలా టెస్లా అనే శాస్త్రవేత్తది. 1901లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో పెద్ద టవర్ మొదలుపెట్టాడు. డబ్బు పెట్టిన మోర్గన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 1917లో టవర్‌ని కూల్చేశారు. అసలు చిక్కు డబ్బు ఒక్కటే కాదు, దూరం. 2007లో అమెరికాలో ఎమ్‌ఐటీ యూనివర్సిటీ వాళ్ళు రెండు మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బు వెలిగించారు. తీగచుట్టలు 60 సెంటీమీటర్ల వెడల్పు. అయినా చేరింది సుమారు 40 శాతం. నా బిళ్ళలో చుట్ట నాలుగైదు సెంటీమీటర్లు, కాబట్టి దాని బలం కొన్ని మిల్లీమీటర్లతో సరి.

వాడు వదల్లేదు. “మరి వైఫై ఇల్లంతా వస్తోంది కదా?” డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ చూపించి చెప్పాను. ఆ వెలుగు వేటకెళ్ళినవాళ్ళకి మైళ్ళ అవతల నుంచి కనిపిస్తుంది. ఒడ్డు ఎటో తెలియడానికి కంట్లో పడే ఆ కాస్త చాలు. అదే వెలుగుతో బోటు మీద అన్నం వండుకోమంటే? అక్కడికి చేరేది ఆవగింజంత, మిగతాదంతా సముద్రం మీద పరుచుకుపోతుంది. వైఫై మోసేది కబురు. కరెంటు చెయ్యాల్సింది పని.

వెలుగు పరుచుకోకుండా గట్టిగా ఒకవైపే పంపితే? పంపారు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో 26 మీటర్ల డిష్‌తో, మైక్రోవేవ్‌లుగా, ఒకటిన్నర కిలోమీటరు అవతలికి 30 కిలోవాట్ల పైన చేర్చారు. 2025లో అమెరికా రక్షణ పరిశోధకులు లేజర్‌తో 8.6 కిలోమీటర్లు, 800 వాట్లకు పైగా, 30 సెకన్లు. అంటే మన వంటింటి మిక్సీ అరనిమిషం తిరిగేంత. తీగ వెయ్యలేని చోటుకి, గాల్లో ఉన్న డ్రోనుకి, అది నిజంగా గొప్ప సంగతి. మా వీధిలో ఇళ్ళకి మాత్రం కాదు. దారిలో మబ్బు వచ్చినా, పక్షి వచ్చినా అడ్డే. హుద్‌హుద్ తర్వాత మన ఊళ్ళో చాలా చోట్ల తీగలని భూమిలోకి దించారు. స్తంభాలు పడకుండా ఉండడానికి దారి అదే, వాడికీ అదే చెప్పాను.

పోయిన నెల రెండోది కొన్నాను, మా అమ్మకి. చూపు తగ్గింది, చెయ్యి వణుకుతుంది. పిన్ను పెట్టలేక ఫోను ఆగిపోయి, మేం కంగారుపడి పరిగెత్తిన రోజులున్నాయి. అమ్మ దానికీ గోళ్ళ రంగు చుక్క పెట్టించుకుంది. రాత్రి చుక్క మీద వేలు ఉంచి, ఫోను దాని పక్కకి ఆనించి, ‘టింగ్’ మని శబ్దం వచ్చేదాకా చెయ్యి తియ్యదు.