నార్వే పాత వెండి: చెంచాలు మేలు, కత్తుల పిడులతో జాగ్రత్త

ఓస్లోలో పాత వెండి చెంచాలు, ఫోర్కులు, కత్తులు కలిపి ఒక సెట్టుగా కొని, పండుగలకని దాచకుండా ఇన్నేళ్లుగా రోజూ వాడుతున్న మాకు వాటి మీద ఉన్న గట్టి ఫిర్యాదు ఒక్కటే, అది కత్తుల పిడుల గురించి.

830S అంటే వెయ్యికి 830 పాళ్ల వెండి అని, ఆ ముద్ర లేకుండా 40 గానీ 60 గానీ ఉంటే అది వెండిపూత అని కొనేవారికి తెలిసిన సంగతే. కత్తి పిడి మీద కూడా అదే 830S కనిపిస్తుంది, కానీ అది పైనున్న పలుచటి రేకుకు మాత్రమే వర్తిస్తుంది. రెండు సగాలుగా అచ్చొత్తి అతికిన ఆ రేకు లోపలంతా గుల్ల, అందులో లక్కలాంటి పదార్థం నింపి స్టీలు అలుగును దిగేసి బిగిస్తారు. అందుచేత కత్తులను కూడా తూకం వేసి వెండి ధర కట్టే అమ్మకందారుతో బేరమాడవలసిందే.

ఒక డిసెంబరు 24 రాత్రి, ఇక్కడివారు రిబ్బె అని పిలిచే పంది పక్కటెముకల మాంసం మీది పెళుసు తోలును కోస్తుండగా, మా అతిథి చేతిలో పిడి మిగిలి అలుగు పళ్లెంలో పడింది. పిడిని బోర్లిస్తే గోధుమరంగు ముక్కలు పొడిపొడిగా రాలాయి. మేము వీటిని ఎన్నడూ డిష్‌వాషర్‌లో వేయలేదు. పిడిలో దిగే అలుగు తోకకు పట్టిన తుప్పును కంసాలి చూపించి, అది చాలా పాతదని, వెనుకటి యజమానుల కాలంలోనే వేడినీళ్లు లోపలికి దిగి ఉంటాయని చెప్పాడు. ఆయన లోపల శుభ్రం చేసి, కొత్త జిగురు పోసి బాగానే బిగించాడు గానీ, ఆ ఒక్క కత్తి మరమ్మతుకు కత్తి కొన్నంత ఖర్చయింది. మిగిలినవాటిని చెవి దగ్గర పెట్టి ఊపితే రెండు మూడింటిలో గలగల వినిపించింది. కొనే ముందే ఇలా ఊపి చూడాలని, అలుగును పట్టుకుని మెల్లగా మెలితిప్పి కదలిక ఉందేమో గమనించాలని ఏ అమ్మకందారూ చెప్పడు.

చెంచాల విషయంలో మాత్రం నాకు మాటలు చాలవు. వాటి వెనుక ఎవరివో పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి, ఆ కారణంగానే అవి చవకగా దొరికాయి. పెద్ద చెంచాల మొనలు ఎడమవైపు కాస్త ఏటవాలుగా అరిగి ఉండటం చూస్తే, కుడిచేత్తో తిన్నవారు ఎన్ని దశాబ్దాలు వాటిని పళ్లేలకు ఆనించారో తెలుస్తుంది. పెరుగన్నానికి ఇంతకంటే హాయైన చెంచా నాకు తెలియదు.

వెయ్యికి 925 పాళ్లున్న వెండి కంటే రాగి పాలు ఎక్కువ కాబట్టి 830 వెండి గట్టిదని, రోజువారీ వాడకానికి తట్టుకుంటుందని స్నేహితులకు చెబుతుండేదాన్ని. ఇప్పటికీ అదే చెబుతాను, కాకపోతే ఆ రాగి వల్లే అది త్వరగా రంగు మారుతుందని కూడా కలుపుతున్నాను. కోడిగుడ్డు తగిలితే చెంచా నల్లబడక మానదు. వేడినీళ్లలో అల్యూమినియం రేకు, వంటసోడా వేసి ముంచితే ఆ నలుపు నిమిషాల్లో పోతుంది. అయితే నగిషీ సందుల్లో అందం కోసం నిలిపిన నలుపు కూడా దానితోపాటే పోయి పనితనం వెలవెలబోతుంది, అందుకే మెత్తటి గుడ్డతో తుడవడమే నాకు నచ్చింది.

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, గిన్నెలు చేత్తో కడిగే ఓపిక ఉంది, కాబట్టి మాకు ఇది నప్పింది. పిల్లలున్న ఇల్లయి, అన్నీ డిష్‌వాషర్‌లోకే వెళ్లేటట్లయితే, చెంచాలు, ఫోర్కులు మాత్రం వెండివి కొనుక్కుని కత్తులు పూర్తి స్టీలువి తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.