తోడించుకోవడమా, దవడ కోయించుకోవడమా?

కావలిలో పళ్ల డాక్టరుగా ఉన్న నాకు అమెలోబ్లాస్టోమా, అంటే దవడ ఎముకలో పెరిగే ఒక రకం కణితి, కేసు ఏడాదికి ఒకటి తగిలితే గొప్ప. కానీ తగిలిన ప్రతి ఇంటివాళ్లూ అడిగేది ఒకటే. "సార్, గడ్డ వరకూ తోడేస్తే సరిపోదా? ఎముకే కోసేయాలంటున్నారు!" రిపోర్టు చేతికొచ్చిన గంటలోపే అదేమిటో ఫోన్లో చదివేసుంటారు, క్యాన్సర్ కాదని కూడా తెలుసుకునే ఉంటారు. క్యాన్సర్ కానప్పుడు దవడ ఎందుకు కోయాలన్నదే వాళ్ల బాధ. న్యాయమైన ప్రశ్నే.

తోడటంలో సుఖం కనపడుతూనే ఉంది. చిన్న ఆపరేషన్, కొద్దిరోజుల్లో ఇంటికి. ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. కోయడమంటే గడ్డతో పాటు చుట్టూ సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల మంచి ఎముక కూడా తీసేయాలి. ఖాళీ పెద్దదైతే పిక్క పక్కనుండే సన్న ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా అతకాలి. రోజంతా పట్టే ఆపరేషన్, ఐసీయూ, ఖర్చు. పళ్లు కట్టించుకోవడం ఆ తర్వాత మాట.

మరి మంచి ఎముకను కోయడం దేనికి? మా వైపు వరి పండించేవాళ్లకు చెప్పక్కర్లేదు, తుంగ సంగతి తెలుసు. పైన పీకితే చేను శుభ్రంగానే కనిపిస్తుంది, గడ్డలు మట్టిలోనే ఉంటాయి. ఈ కణితి కూడా ఎక్స్‌రేలో కనిపించే అంచు దాటి, స్పాంజిలాంటి లోపలి ఎముకలోకి కొన్ని మిల్లీమీటర్లు పాకుతుంది. అక్కడికి తోడే పరికరం అందదు. మామూలు రకాన్ని తోడి వదిలేస్తే సగానికి పైగా కేసుల్లో తిరిగొస్తుంది. సరిపడా అంచుతో కోస్తే తిరిగొచ్చేది పదిమందిలో ఒకరికి, అటూఇటుగా.

కోతలో పోయేది ఒకటుంది. దవడ లోపలి నరం తీయాల్సి వస్తే ఆ వైపు కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ పోతుంది. మూతి వంకరపోతుందని భయపడతారు గానీ, కదలిక నరం వేరు. స్పర్శ పోవడం చిన్న విషయమేం కాదు. ఆపరేషనైన ఒకాయన నా ఎదుట మజ్జిగ తాగుతుంటే గడ్డం మీదుగా చొక్కా మీదకు ధార కారుతోంది, ఆయనకు తెలియడం లేదు. పక్కనున్న భార్య ఏమీ మాట్లాడకుండా తన మూతి తుడుచుకుంది. అది చూసి ఆయన రుమాలు తీశాడు. ఇద్దరికీ అలవాటైపోయిన సైగ. నెల్లూరు చేపల పులుసు ఇప్పటికీ తింటాడట, పెదవికి అంటిన ముల్లు మాత్రం ఆమే తీయాలి.

రిపోర్టులో 'యూనిసిస్టిక్' అని, అంటే ఒకే తిత్తిగా ఉన్న రకమని ఉంటే లెక్క మారుతుంది. కణితి తిత్తి లోపలి పొరకే పరిమితమైతే తోడటం సరిపోతుంది. 'మ్యూరల్' అని ఉంటే, అంటే తిత్తి గోడలోకి దిగి ఉంటే, నేనైతే మామూలు రకంగానే చూస్తాను. చిక్కేమిటంటే ముందు తీసిన చిన్న ముక్కలో అది దొరక్కపోవచ్చు. తోడేసిన మొత్తాన్నీ పరీక్షకు పంపాకే బయటపడచ్చు. అందుకని రెండో రిపోర్టు వచ్చేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఏ రిపోర్టులోనూ ఉండదు. పదేళ్లు వస్తావా? తోడించుకోవడమంటే మొదట్లో ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకుంటానని ఒప్పుకోవడం. ఇది అయిదేళ్లకూ రావచ్చు, పదేళ్లు దాటాకా రావచ్చు, నొప్పి లేకుండా వస్తుంది. కనిగిరి వైపు నుంచి బెంగళూరుకు పనికి వెళ్లిన ఒక కుర్రాడు వేరేచోట తోడించుకుని, రెండుసార్లు చూపించుకుని మానేశాడు. ఫోన్ నంబరు మారింది. ఏడేళ్లకు నా దగ్గరికి వచ్చేసరికి ఆ వైపు చెంప గట్టిగా, గుండ్రంగా ఉబ్బి ఉంది. ఎక్స్‌రేను కిటికీ వెలుగులో పెట్టి చూపించాను. సబ్బు నురగ బుడగల్లా గదులు, దవడ కింది అంచు దాకా. మొదట్లోనే కోసుంటే కింది అంచు మిగిలేది, కాలి ఎముక అవసరమే పడేది కాదు. ఆ మధ్యేమార్గం కూడా ఉంది, అడగండి. కింద సెంటీమీటరు మంచి ఎముక ఉంటే పై భాగం వరకే కోసి, దవడ తెగకుండా కాపాడచ్చు.

కాబట్టి పెద్దవాళ్లలో, మామూలు రకంలో, నా ఓటు కోతకే. పదిహేనేళ్ల పిల్లాడు, యూనిసిస్టిక్, తల్లి క్యాలెండర్‌లో తేదీ రాసుకునే రకం అయితే తోడించమంటాను. పై దవడలో వస్తే మాత్రం తటపటాయించొద్దు, పైన కన్నూ, ఆ వెనక మెదడూ ఉన్నాయి.

మిగతావి క్లుప్తంగా. కొందరి కణితిలో బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2014లో తేలింది. దాని మీద పనిచేసే మాత్రలున్నాయి గానీ, ఆపరేషన్ బదులు అవే చాలని ఇంకా చెప్పలేం. కెరటోసిస్ట్ అని దవడలోనే వచ్చే తిత్తి ఉంది, అది వేరే జబ్బు. 2005లో డబ్ల్యూహెచ్ఓ దాన్ని కణితుల్లో చేర్చి, 2017లో మళ్లీ తిత్తుల్లో వేసింది. పేరు ఏదైనా అదీ తిరిగొచ్చే రకమే, కానీ దానికి దవడ కోత దాకా వెళ్లడం అరుదు. ఓడొంటోమా, అంటే పంటి పదార్థమే ముద్దకట్టిన గడ్డ, అయితే తీయించుకుని మర్చిపోండి.

నెల్లూరా, చెన్నైయా అని కూడా అడుగుతారు. దవడ సర్జనూ, కాలి ఎముక అతికే ప్లాస్టిక్ సర్జనూ ఒకే థియేటర్లో దొరికే చోటు ఎక్కడైనా సరే. వైద్యసేవ కార్డు ఉంటే చేరకముందే ఆస్పత్రిలో ఆ పథకం సహాయ కేంద్రంలో కలవండి. పినాకిని రైల్లో చెన్నై బయల్దేరేటప్పుడు పాత ఎక్స్‌రేలూ, ముక్క పరీక్ష స్లైడ్లూ సంచిలో పెట్టుకోండి. చాలామంది రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లి, స్లైడ్ల కోసం మళ్లీ వెనక్కి వస్తున్నారు.